కాంటా మూలకాడ ఎక్కిన బరువు

బోధన్ పక్కన, మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీకి పోయే పాత దారిలో ఒక మలుపు ఉంది. దాన్ని కాంటా మూల అంటారు. చెరుకు బండ్లను తూకం వేసే కాంటా ఒకప్పుడు అక్కడే ఉండేది. ఇప్పుడు లేదు. తుప్పు పట్టిన ఇనుప స్తంభం ఒకటి, దాని చుట్టూ అల్లుకుపోయిన సర్కారు తుమ్మ — అంతే మిగిలింది.

చీకటి పడ్డాక ఆ మూల మంచిది కాదని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు.

మంజీర నది అవతలి నుంచి చెరుకు కొట్టడానికి వచ్చిన ఒక ఆడమనిషి, నెత్తి మీద మోపుతో నడుస్తూ, అక్కడే ఒక బండి కింద పడి చనిపోయిందట. ఏ సంవత్సరమని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. ఆమె మోపు మాత్రం తూకానికి ఎక్కలేదు… ఆ మాట అందరూ ఒక్క తీరుగానే చెప్తారు. అందుకే ఆమె ఇంకా మలుపు లోపలి అంచున నిలబడి ఉంటుంది — కాంటాకు పోయే బండి కోసం. ఆ అంచు పట్టుకొని ఏ బండి తిరిగినా ఎక్కి కూర్చుంటుంది.

కనిపించదు. చప్పుడు చేయదు. బండి బరువెక్కుతుంది, అంతే.

ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో కొన్ని బండ్లకు తూకంలో ఒక మనిషి బరువు ఎక్కువ వచ్చేదని డ్రైవర్లు చెప్పుకునేవారు. ఆ బరువుకు ఎవరూ సంతోషపడేవారు కాదు. ఆ డ్రైవర్ ఇంటికి పోయి నాలుగు రోజులు జ్వరంతో పడుకునేవాడట. అందుకని ఒక పద్ధతి వచ్చింది. కాంటా మూల రాగానే కాలు రేస్ పెడల్ మీద నుంచి ఎత్తాలి. బండిని బయటి అంచుకు జరపాలి. లోపలి అంచు ఆమెకు వదిలేయాలి. సీజన్ మొదటి బండి తెచ్చినవాడు స్తంభం దగ్గర ఒక బెల్లం ముక్క పెట్టిపోవాలి.

అక్కడి ఒక ఊరి భూమేష్‌కు ట్రాక్టర్ నేర్పినప్పుడు వాళ్ల బాపు సిద్దిరాములు క్లచ్ కన్నా, గేర్ కన్నా ముందు ఈ పద్ధతే నేర్పాడు. ఆ తర్వాత ఫ్యాక్టరీ మూతబడింది, పొలాల్లో చెరుకు పోయి వరి వచ్చింది. కాలు మాత్రం మరిచిపోలేదు. ఆ మూల వస్తే దానంతట అదే లేచేది.

భూమేష్‌కు జరిగింది కూడా ఆ మూల దగ్గరే. కానీ… ఆ రోడ్డు మీద కాదు.

నిజామాబాద్‌లో లింగం అని ఒకతను కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు. భూమేష్ వాళ్ల ఊరివాడే, నాలుగేండ్లు పెద్ద. భూమేష్‌కు ఈత నేర్పింది అతనే, మొదటిసారి సినిమాకు తీసుకపోయింది అతనే. ఇప్పుడు కంప్యూటర్‌లో కార్ల పందెం నేర్పింది కూడా అతనే. ఊరికే బటన్లు నొక్కే ఆట కాదది. స్టీరింగ్ ఉంటుంది, కాలికి బ్రేకు, రేస్ ఉంటాయి. టైరు జారితే ఆ జారుడు చేతులకు తెలుస్తుంది. ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చొని, నెట్ మీద ఒకే రోడ్డు మీద పరిగెత్తుతారు. రోడ్డు ఒక్క చుట్టు తిరిగితే ఒక ల్యాప్. ఎవరి ల్యాప్ తక్కువ సమయంలో అయితే వాళ్లు గెలిచినట్టు.

లింగం తన పాత స్టీరింగ్‌ను భూమేష్‌కు ఇచ్చేశాడు. అంతేకాదు — ఫోన్‌తో ఫోటోలు తీసుకొచ్చి, నెలల తరబడి కూర్చొని, ఫ్యాక్టరీ దారిని ఉన్నదున్నట్టు ఆ ఆటలోకి దించాడు. పొగగొట్టం, విరిగిన గేటు, తుమ్మచెట్లు, ఇనుప స్తంభం… అన్నీ. రాత్రి పూట నడిపితే బండి లైట్ల వెలుగులో ఆ స్తంభం నీడ రోడ్డు మీద అడ్డంగా పడేది.

జిల్లాలో పదిమంది దాకా ఆ దారి మీద పరిగెత్తేవారు. అందరూ కలిసే చోటును రూం అనేవారు. రూం తాళం లింగం దగ్గర ఉండేది. ఎవరు రావాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, అంతా అతని చేతిలోనే.

భూమేష్ ఇంట్లో ఇనుప టేబుల్‌కు స్టీరింగ్ బిగించుకున్నాడు. బ్రేక్ గట్టిగా తొక్కితే ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జరిగేది. కుర్చీ వెనక రెండు వడ్ల బస్తాలు పెట్టుకున్నాడు. కూర్చున్నచోట కూర్చొని ఏ ఊరికి పోయొస్తున్నావని సిద్దిరాములు రోజూ అడిగేవాడు. డీజిల్ కాలదు, కిరాయి రాదు, గిదేం బండి అనేవాడు. అయినా సాయంత్రం పూట బస్తా మీద కూర్చొని చూసేవాడు. కాంటా మూల వచ్చినప్పుడల్లా ఆయన కాలు కూడా నేల మీద నుంచి కొంచెం లేచేది.

లింగం నేర్పే తీరు బాగుండేది. బండి ముక్కు చూడకు, పోవాల్సిన చోటు చూడు అనేవాడు. మలుపులో తొందరపడితే బయటికి వచ్చేటప్పుడు ఏడుస్తావనేవాడు. "బ్రేక్ తొక్కుడు అందరికీ వస్తది తమ్మీ. ఇడుసుడే రాదు," అని భూమేష్ పాదం మీద తన అరచేయి పెట్టి, ఎంత మెల్లగా వదలాలో చూపించేవాడు.

ల్యాప్ రోజురోజుకూ తగ్గింది. ఒక్క కాంటా మూల దగ్గరే తగ్గలేదు. లింగం అతని ల్యాప్‌ను మళ్లీ మళ్లీ చూసి, ఒకరోజు పగలబడి నవ్వాడు. ఆటలో కూడా ఆమెకు జాగా ఇడుస్తున్నవ్ గదరా అన్నాడు. నిజమే. కాలు లేస్తోంది. బండి బయటి అంచుకు జరుగుతోంది. అక్కడే అందరికన్నా వెనక పడిపోతున్నాడు.

కాలును ఆపడానికి భూమేష్‌కు రెండు వారాలు పట్టింది. ఒక సాయంత్రం పళ్లు బిగబట్టి లోపలి అంచుకు పోయాడు. ఇనుప స్తంభం పక్క నుంచి రాసుకున్నట్టే దాటింది బండి.

ఏమీ కాలేదు.

ఆ ల్యాప్ లింగం ల్యాప్ కన్నా తక్కువ పడింది.

 హెడ్‌ఫోన్‌లో మొదట లింగమే చప్పట్లు కొట్టాడు. మరుసటి రోజు భూమేష్‌ను టౌన్‌కు పిలిపించి, బస్టాండ్ దగ్గర చాయ్ తాగించి, నన్ను దాటినవ్ రా అని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు భూమేష్‌కు ఇంటిదాకా తీయగా గుర్తుంది.

ఆ నెలలోనే హైదరాబాద్ నుంచి కబురు వచ్చింది. అక్కడి ఒక రేసింగ్ జట్టువాళ్లు జిల్లాల్లో ఆడేవాళ్ల నుంచి ఒక్కొక్కరిని పిలుస్తున్నారు. నిజం కారు, నిజం ట్రాక్. రెండు రోజులు నడిపించి చూస్తారు. బాగా నడిపితే జట్టులో పెట్టుకుంటారు. ఒక్కో రూం నుంచి ఒక్కరే రావాలి. ఎవరన్నది వాళ్లే తేల్చుకోవాలి. నెలాఖరు రాత్రిలోపు ఫ్యాక్టరీ దారి మీద ఎవరి ల్యాప్ అన్నిటికన్నా తక్కువ ఉంటే వాళ్లు పోవాలని అందరూ ఒప్పుకున్నారు. పాత ల్యాప్‌లు లెక్కలోకి రావు, మళ్లీ మొదటి నుంచి నడపాలని లింగం అన్నాడు. దానికీ ఒప్పుకున్నారు.

భూమేష్ బయటికి ఏమీ అనలేదు. కానీ ట్రాక్టర్ మీద వడ్లు తీసుకపోతున్నా, దారిలో ఆగి నీళ్లు తాగుతున్నా అదే ఆలోచన. తన చేతులు కంప్యూటర్ బయట కూడా పనికొస్తాయా లేదా… ఒక్కసారి తెలియాలి. చెరుకు పోయాక ట్రాక్టర్‌కు పని సగమైంది. బాపు తర్వాత ఆ సీటులో తనే ముసలివాడు కావడం అతనికి ఇష్టం లేదు.

మొదటి రాత్రి కుర్చీలో కూర్చున్నాడు. అంతా మామూలుగానే ఉంది. గేటు దాటాడు. పొగగొట్టం దాటాడు. కాంటా మూల వచ్చింది. ఎప్పుడూ తొక్కే చోటే బ్రేక్ తొక్కాడు. స్తంభం పక్కకు, లోపలి అంచుకు స్టీరింగ్ తిప్పాడు —

బండి తిరగలేదు.

ఆగనంటూ ముందుకు తోసుకుపోయింది. స్టీరింగ్ చేతుల్లో బిగుసుకుంది. వెనక సీటులో ఎవరో ఎక్కి కూర్చున్నట్టు బండి వెనక భాగం దిగబడింది. మలుపు దాటాక రేస్ మొత్తం తొక్కినా ముక్కుతూ ముక్కుతూ లేచింది.

మళ్లీ తిరిగాడు. మళ్లీ అంతే.

సీదా రోడ్డు మీద కూడా బండి కొంచెం మందకొడిగానే ఉందేమో. కానీ అతని ధ్యాసంతా ఆ మూల మీదే. చల్లటి చెమటతో అరచేతులు స్టీరింగ్‌కు అంటుకుపోయాయి. వెనక్కి తిరిగి చూశాడు. వడ్ల బస్తాలు. గోడ. ఎవరూ లేరు.

లింగానికి ఫోన్ చేశాడు. చెప్పడానికి సిగ్గుపడుతూనే చెప్పాడు. లింగం మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. ఆ ఆపడమే భూమేష్‌ను ఎక్కువ భయపెట్టింది.

"తమ్మీ…" అన్నాడు లింగం, గొంతు బాగా తగ్గించి. "నేను గా స్తంభం ఫోటో తీసింది పొద్దుగూకినంకనే. ఏమో రా మరి. లోపలికి పోకు."

స్టీరింగ్ మార్చి చూద్దామా అంటే మొన్ననే బాగుచేసి ఇచ్చాను కదా, అందులో ఏ లోపం లేదన్నాడు. నువ్వు ఒకసారి నా బండి నడిపి చూడన్నా అంటే, నేను నడిపితే ఆమె ఎందుకు ఎక్కుతుంది, నేను బండి తోలే ఇంట్లో పుట్టినవాణ్ణి కాదు కదా అన్నాడు. వినడానికి ఆ మాట ఎంత సబబుగా ఉందంటే, భూమేష్ మళ్లీ అడగలేదు.

మళ్లీ కాలు లేవడం మొదలైంది. మళ్లీ బయటి అంచు. ల్యాప్ వెనక్కి, ఇంకా వెనక్కి… రూంలో తన కంటే మెల్లగా నడిపే ఇందల్వాయి అమ్మాయి కావ్య కూడా ముందుకు పోయింది. ఆమె నోరు పెద్దది. ఇంతకుముందు అతను వెనక పడితే, భూమేషన్నా ట్రాలీ తగిలించుకొని వచ్చినవా అని ఆటపట్టించేది. ఈ మధ్య మాత్రం అతను రూంలోకి రాగానే మాట్లాడటం ఆపేసేది. అందరూ ఆపేసేవారు. తన మొహం మీద దెయ్యం పట్టిన గుర్తు ఏదో వాళ్లకు కనిపిస్తోందని భూమేష్ అనుకున్నాడు.

చివరికి బాపుకు చెప్పాడు. సిద్దిరాములు నవ్వలేదు, తిట్టలేదు. చాలాసేపు చుట్ట కాల్చాడు. జాగా తీసుకున్నోనివి నువ్వు, అడగాల్సింది కూడా నువ్వే అన్నాడు. డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి కాగితంలో చుట్టి ఇచ్చాడు.

పొద్దుగూకే వేళ భూమేష్ బైకు మీద అసలు కాంటా మూలకు పోయాడు. బండి దూరంగా ఆపి నడిచాడు. తుమ్మచెట్లలో గాలి లేదు. స్తంభం నల్లగా నిలబడి ఉంది. తను రోజూ చూసే స్తంభమే… కానీ కంప్యూటర్‌లో దానికి ఈ తుప్పు వాసన లేదు.

బెల్లం కింద పెట్టాడు. ఏమని అడగాలో తెలియలేదు.

"అవ్వా… నాకు ఒక్కసారి జాగా ఇయ్యి," అన్నాడు మెల్లగా. "ఒక్కసారే."

చెట్ల వెనక ఎండుటాకు చప్పుడైంది. ఆగింది. మళ్లీ అయింది.

పరుగెత్తలేదు. పరుగెత్తితే వెంట వస్తుందని చిన్నప్పటి నుంచి విన్నాడు. లెక్కపెట్టినట్టు అడుగులు వేసుకుంటూ బైకు దగ్గరికి వచ్చి కిక్ కొట్టాడు. బయలుదేరాడు —

బైకు బరువుగా ఉంది.

వెనక చక్రం ఈడ్చుకుంటూ వస్తోంది. హ్యాండిల్ ఒక పక్కకు లాగుతోంది.  ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ఊరి లైట్లు కనిపించేదాకా ఊపిరి గట్టిగా తీసుకోలేదు. వాకిట్లో బైకు ఆపి అలాగే కూర్చుండిపోయాడు. సిద్దిరాములు వచ్చి బండి చుట్టూ తిరిగి, వెనక టైరును కాలితో తన్నాడు.

"తుమ్మ ముల్లు దిగింది. గాలి లేదు రా," అన్నాడు.

ఆ రాత్రి తండ్రీకొడుకులు చాలా రోజుల తర్వాత కలిసి నవ్వుకున్నారు. భూమేష్‌కు ధైర్యం వచ్చింది. నవ్వుతూనే వచ్చి కుర్చీలో కూర్చొని కాంటా మూలకు పోయాడు. బ్రేక్ తొక్కాడు.

బండి బరువుగా ముందుకు తోసుకుపోయింది… అంతకు ముందుకన్నా ఎక్కువ బరువుగా.

నవ్వు పోయింది. బెల్లం పెట్టొచ్చినా ఆమె దిగలేదని లింగానికి ఫోన్ చేసి చెప్పుకున్నాడు. ముల్లు బైకుకు గుచ్చుకుంటుంది. కంప్యూటర్‌కు ఏ ముల్లు గుచ్చుకుంటుంది?

నెలాఖరు వచ్చింది. అదే ఆఖరి రాత్రి. అందరికన్నా తక్కువ ల్యాప్ లింగానిది, అతని వెనక కావ్య. భూమేష్ ఎక్కడో అడుగున ఉన్నాడు. ఇంకొక్కసారి చూద్దామని కూర్చుంటే ఊళ్లో నెట్ పోయింది. బోధన్ దిక్కు వానకు కరెంటు స్తంభాలు పడ్డాయట. అతను ఇంకేమీ ఆలోచించలేదు. చెప్పకుండానే బస్సెక్కి నిజామాబాద్‌లో లింగం ఇంటికి పోయాడు.

తలుపు తీసిన లింగం ఒక్క నిమిషం గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత నవ్వి లోపలికి పిలిచాడు. భార్య పుట్టింటికి పోయింది, ఇంట్లో పాలు లేవు, మూలమీది హోటల్ నుంచి చాయ్ తెస్తానన్నాడు. నేనొచ్చి ఆటను నీ పేరు మీదికి మారుస్తా, అప్పటిదాకా ఏదీ ముట్టుకోకు అన్నాడు. చెప్పులు వేసుకొని పోయాడు.

గదిలో లైటు లేదు. స్క్రీన్ వెలుగొక్కటే. దాని మీద గేటు ముందు ఆగి ఉన్న లింగం బండి… రూంలో అందరూ ఉన్నారు. వాళ్ల బండ్లు ఒక్కొక్కటే పక్క నుంచి దూసుకుపోతున్నాయి.

భూమేష్ చేతులు ఊకోలేదు. కుర్చీలో కూర్చున్నాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఒక్క చుట్టు, అంతే అనుకున్నాడు.

గేటు. పొగగొట్టం. చూపు దూరంగా.

కాంటా మూల వచ్చింది. నిలబడ్డదేమో… ఎక్కుతుందేమో… పాదం లేవబోయింది. అయినా లేవనీయలేదు. బ్రేక్ తొక్కాడు. మెల్లగా, లింగం అరచేయి నేర్పినంత మెల్లగా వదిలాడు.

బండి తేలిగ్గా తిరిగింది. నీళ్లలో చేపలాగా స్తంభాన్ని రాసుకుంటూ దాటి, ఒక్క ఉరుకున సీదా రోడ్డు మీదికి వచ్చింది.

భూమేష్‌కు కండ్ల నిండా నీళ్లు వచ్చాయి. ఆమె దిగిపోయింది అనుకున్నాడు.

గేటు దాటాడు. స్క్రీన్ మీద ల్యాప్ పడింది. ఆ దారి మీద ఎవరూ, ఎప్పుడూ తిరగనంత వేగం. పక్కన పేరు — లింగం.

అప్పుడు చెవుల్లో గుసగుస వినిపించింది.

"లింగమన్నా…"

కావ్య గొంతు. ఇంట్లోవాళ్లకు వినపడొద్దన్నట్టు మాట్లాడుతోంది.

"గెలిసినవ్ గదనే. ఇగనన్న భూమేషన్న బండి మీద బరువు తీసెయ్యి. మొన్న అరవై కిలోలు చాలదని ఎనభై చేసినవ్. గాయన పోయి గా స్తంభం కాడ బెల్లం పెట్టొచ్చిండంట… నాకు మంచిగనిపిస్తలేదు."

భూమేష్ వేళ్లు స్టీరింగ్ మీద అలాగే ఉన్నాయి.

ఆ ఆటలో అలాంటిది ఒకటి ఉంటుంది. అందరూ సమానంగా పరిగెత్తాలని, వేగంగా నడిపేవాడి బండి మీద రూం తాళం ఉన్నవాడు ఎంతంటే అంత బరువు పెట్టొచ్చు. పెట్టినట్టు బండి నడిపేవాడికి కనిపించదు. చేతులకు మాత్రం తెలుస్తుంది. బ్రేక్ గట్టిగా తొక్కే మలుపులో ఇంకా బాగా తెలుస్తుంది.

కావ్య చెప్తూనే ఉంది. మొదట్ల మస్తు నవ్వుకున్నం అంది. దెయ్యం ఎక్కిందని భూమేషన్న ఫోన్ చేసిన సంగతి నువ్వు చెప్తే అందరం నవ్వినం అంది. హైదరాబాద్ ఎవలు పోవాల్నో తేలే ఈ రాత్రి కూడా తీయకుంటే… నవ్వుడు కాదన్నా అది, అంది.

అందరూ. రూంలో ఉన్న ప్రతి ఒక్కరూ. తను లోపలికి రాగానే వాళ్ల మాటలు ఎందుకు ఆగిపోయేవో ఇప్పుడు తెలిసింది.

"అన్నా? మాట్లాడవేంది? గా మూలల నువ్వు గట్ల తిరిగింది ఎన్నడు సూడలే…" కావ్య ఆగింది. ఆమె గొంతు మారింది. "ఎవలు నడుపుతుండ్రు గక్కడ?"

స్క్రీన్ మీద బండ్లు ఒక్కొక్కటే ఆగిపోవడం భూమేష్ చూశాడు. ఒకటి గేటు ముందు. ఒకటి పొగగొట్టం కింద. మిగిలినవి ఎక్కడివక్కడే. అందరూ వింటున్నారు.

"నేను," అన్నాడు. "భూమేష్‌ను."

 కావ్యే మళ్లీ మాట్లాడింది. "గా ల్యాప్ నీదని మేమందరం చెప్తమన్నా…" ఆమె తర్వాత ఇంకెవరో గొంతు సవరించుకున్నారు.

భూమేష్ పాదం ఇంకా బ్రేక్ మీదే ఉంది. ఆ పాదం మీద ఒకప్పుడు అరచేయి పెట్టిన మనిషి మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినిపించింది.

లింగం రెండు చేతుల్లో రెండు చాయ్ గ్లాసులు పట్టుకొని, భుజంతో తలుపు తోసుకొని వచ్చాడు. కుర్చీలో ఉన్న భూమేష్‌ను చూశాడు. తర్వాత స్క్రీన్ చూశాడు. ల్యాప్ చదివాడు. పక్కన తన పేరు చదివాడు. అతని మొహం మీద మొదట వచ్చింది భయం కాదు… సంతోషం.

దగ్గరికి వచ్చి, భూమేష్ మీదికి వంగి, చిన్నప్పుడు పెద్దవాళ్లకు తెలియకుండా చేసే పనులకు వాడే గొంతుతో అడిగాడు.

"నువ్వు నడుపంగ ఎవలన్న సూసిండ్రా?"

భూమేష్ లేచాడు. హెడ్‌ఫోన్ తీసి, మైకు నోటి ముందుకు వచ్చేలా సరిచేసి, లింగం తలకు పెట్టాడు.

"నువ్వే అడుగు, లింగం," అన్నాడు.

బుద్ధి తెలిసిన నాటి నుంచి అతణ్ణి ఉత్త పేరుతో పిలవడం అదే మొదటిసారి. లింగం ఆ పిలుపుకే తలెత్తాడు. ఏదో అనబోయి ఆగాడు… చెవుల్లో ఎవరో మాట్లాడటం మొదలుపెట్టారు. వాళ్లేమంటున్నారో బయటికి వినపడలేదు. ఒకరి తర్వాత ఒకరు అంటున్నారని మాత్రం తెలుస్తోంది. లింగం చేతుల్లో గ్లాసులు రెండూ వంగాయి. వేడి వేడి చాయ్ మణికట్టు మీదుగా కారి పాదాల మీద పడుతోంది. అతను కాళ్లు తీయలేదు.